పెరుగు మానేశానని చెప్పిన రోజులు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో పాలు, పెరుగు ముట్టనివాళ్లంటే రెండే రకాలు: డాక్టరు వద్దన్నవాళ్లు, పాలవాడితో పోట్లాడినవాళ్లు. మూడో రకం ఉంటుందని ఎవరికీ తెలియదు. దానికో పేరుంటుందని అసలే తెలియదు. మొన్న మా అక్క మనవరాలు బీచి రోడ్డులో ఒక హోటలుకి తీసుకెళ్లి, "తాతయ్యా, ఇక్కడ మాంసం, గుడ్డు సరే, పాలు, నెయ్యి, తేనె కూడా వాడరు" అని గర్వంగా చెప్పింది. ఆ మాట వినగానే నాకు కడుపులో ఈర్ష్య భగ్గుమంది. మనవరాలి మీద కాదు. పక్క బల్ల దగ్గరున్న కుర్రవాడి మీద. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి మెనూ కార్డు అందించి, కాలు మీద కాలు వేసుకుని, మహారాజులా ఫోను చూసుకుంటున్నాడు. వాడు ఒక్క వంటింట్లోకీ తొంగి చూడలేదు, ఒక్క హోటలు యజమాని చేతా తిట్లు తినలేదు. అదే తిండి కోసం నలభై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో నేను పడిన పాట్లు వాడికేం తెలుసు? (తెలిసి ఉంటే నన్ను చూసి నవ్వేవాడు, అది వేరే సంగతి.)

అప్పుడు ఉక్కు కర్మాగారం పనులు జోరుగా సాగుతున్నాయి. దువ్వాడ దగ్గర రేకుల షెడ్లలో ఉన్న ఒక కాంట్రాక్టరు ఆఫీసులో నేను గుమాస్తాని. వయసు ఇరవై మూడు, సొంతూరు గోదావరి జిల్లా. మా ఊళ్లో భోజనమంటే పెరుగన్నానికి ముందు జరిగే ఉపోద్ఘాతం. మా అమ్మ తోడుపెట్టిన పెరుగు కుండ బోర్లించినా కిందపడేది కాదు. అలాంటి పెరుగు తిని పెరిగినవాణ్ణి, పూర్ణా మార్కెట్ వెనక ఒక మేడగదిలో అద్దెకి దిగాను. గదిలో నాతోపాటు ఉండేవాడు పోర్టులో పనిచేసే తగరపువలస మనిషి. నాకే కాదు, రిక్షావాడికీ, పోస్టుమానుకీ, పోలీసుకీ కూడా అతను 'బావ' అనే పిలుపే వాడేవాడు గనక మేమందరం అతన్ని 'బావ' అనే పిలిచేవాళ్లం. చేప లేనిదే ముద్ద దిగని మనిషి. ఊళ్లో ఏ సందులో ఏది ఏ వేళకి వేడిగా దొరుకుతుందో అతనికి తెలిసినట్టు మునిసిపాలిటీకి కూడా తెలియదు.

మా ఆఫీసులో టైపిస్టుగారు ఒకరుండేవారు. పాత ఊళ్లో చర్చి పక్కన వాళ్ల ఇల్లు. తండ్రి పోర్టులో క్రేను నడిపేవాడు. రోజూ ఉదయం ఒకే రైల్లో దువ్వాడ వచ్చేవాళ్లం. ఆవిడ టైపు చేస్తుంటే వడగళ్ల వాన పడుతున్నట్టుండేది. నేను ఒకే ఉత్తరాన్ని మూడుసార్లు తప్పు రాసి మూడుసార్లూ టైపుకి తీసుకెళ్లేవాణ్ణి. (తప్పులు నిజంగానే పడేవని మా మేనేజరు అభిప్రాయం.) ఒకరోజు మధ్యాహ్నం ధైర్యం చేసి నా పెరుగు గిన్నె ఆవిడ వైపు జరిపాను. "మా ఊరి తోడండి, కాస్త వేసుకోండి" అన్నాను. ఆవిడ మర్యాదగా గిన్నె వెనక్కి జరిపి, "నేను పాలూ పెరుగూ తిననండీ" అన్నారు. "మరి గుడ్డు?" అన్నాను. తినరు. చేప? తినరు. నెయ్యి? తినరు. చివరికి తేనె కూడా తినరు. నాకు మతి పోయింది. క్రైస్తవులైతే మాంసం తినాలి, మాంసం మానేస్తే పెరుగైనా తినాలి. అంతవరకే నా లోకజ్ఞానం.

"అందరికీ ఇదే అనుమానం" అని ఆవిడ నవ్వారు. "మాంసం మానేశానని మా చర్చిలో పెద్దమ్మలు, ఎవరైనా హిందువులబ్బాయి ఉన్నాడా అని మా అమ్మని అడిగారు. మా వీధిలో పంతులుగారమ్మాయేమో నువ్వు మాదానివే అని సంబరపడి పాయసం తెచ్చింది. అది వద్దంటే ఆ అమ్మాయికీ కోపమొచ్చింది."

తర్వాత అసలు సంగతి చెప్పారు. ఆవిడ ఎనిమిదేళ్లప్పుడు అమ్మమ్మగారింట్లో గేదె ఈనింది. వారం తిరక్కుండా దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె పాలు చేపదు గనక, ఆ దూడ తోలు వలిచి, లోపల గడ్డి కుక్కి, కుట్టి, కర్రలు గుచ్చి తల్లి ముందు నిలబెట్టారు. గేదె దాన్ని నాకుతూ పాలిచ్చేది. "నాకు ఆ సంగతి తెలియదండీ. దూడ బతికొచ్చిందనుకున్నాను. పరిగెత్తుకెళ్లి కౌగిలించుకుని ముద్దుపెట్టుకున్నాను. పెదవికి గడ్డి గుచ్చుకుంది." అంతే చెప్పి ఆవిడ డబ్బా మూత పెట్టేశారు.

అలాంటప్పుడు బుద్ధిమంతుడైతే ఏమీ మాట్లాడకుండా ఉండాలి. నేను మాత్రం, "చిత్రంగా ఉందండి, నేనూ మానేద్దామనే అనుకుంటున్నాను. అసలు ఈ గిన్నె ఇవాళ అలవాటు కొద్దీ తెచ్చాను గానీ, మనసులో ఎప్పుడో మానేశానండి" అనేశాను. నా నోట్లోంచి వచ్చిన ఆ మాట నాకే కొత్తగా వినబడింది. ఆవిడ కళ్లు పెద్దవి చేసి, "నిజంగానా?" అన్నారు. ఆ 'నిజంగానా' కోసం నేను పెరుగే కాదు, అన్నం కూడా మానేసేవాణ్ణి.

ఇక మొదలైంది నా వనవాసం. ఆఫీసు క్యాంటీనులో పెరుగు వద్దన్నాను. టీని పొమ్మన్నాను. ఇడ్లీ మీద నెయ్యి చుక్క పడితే పక్కకి తోసేవాణ్ణి, ఆవిడ చూస్తున్నారో లేదో గమనించి మరీ. బావకి కూడా నిజం చెప్పలేదు, అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం పొద్దున్న మాత్రం బావ చేపలకి వెళ్లగానే, పూర్ణా మార్కెట్లో ఒక పాలకొట్టు వెనక బల్ల మీద గోడవైపు తిరిగి కూర్చుని, ఆరు రోజుల బాకీ తీర్చుకునేవాణ్ణి. పాత సినిమాల్లో దొంగ సారా తాగేవాళ్లు కూడా అంత భయపడుతూ తాగి ఉండరు.

నెల తిరిగేసరికి నాకు ఇంకో కోరిక పుట్టింది. ఆవిణ్ణి ఎక్కడికైనా టిఫినుకి తీసుకెళ్లాలి. కానీ ఎక్కడికి? ఈ ఊళ్లో నెయ్యి, పాలు తగలని తిండి ఏ హోటల్లో ఉంటుందో నాకేం తెలుసు? బుద్ధి గడ్డి తిని బావని అడిగాను. "ఓస్, అదేటి పెద్ద పని, శనివారం టేసను కాడికి నానొత్తాను" అన్నాడు. నా గొయ్యి తవ్వడానికి నేనే పలుగు అందించాను.

శనివారం ఒంటిపూట ఆఫీసు. రైలు దిగేసరికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. (ఆ ఇస్త్రీ దగ్గరే నాకు మొదటి మంట రేగింది. ఆ చొక్కా నాది.) ముగ్గురం ఒక పేరున్న దోసెల హోటలుకి వెళ్లాం. బయట బోర్డు మీద 'స్వచ్ఛమైన నేతితో చేయబడును' అని పెద్ద అక్షరాలు. టైపిస్టుగారు గుమ్మంలోనే ఆగిపోయారు. నేను పౌరుషంగా గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి యజమానిని అడిగాను.

"ఏవండి, మీ దోసెల్లో నిజంగా నెయ్యే వేస్తారాండి?"

ఆయన మీసం లేచింది. "ఏటి బాబూ, అనుమానమా? మా నాన్న పెట్టిన ఓటలిది. నెయ్యి తప్ప ఇంకోటి నాను ముట్టను."

"అయ్యో, అలా అనకండి. కాదని ఒక్క మాట చెప్పండి, కడుపునిండా తింటాం."

"అందరూ నెయ్యేనా అని అడుగుతారు. నువ్వేటి, కాదని సెప్పమంటన్నావు? ఎవుడు పంపినాడు నిన్ను? ఎదర సందులో ఓటలోడు పంపినాడా?"

నలుగురు చేరారు. ఒకాయన నన్ను కల్తీ తనిఖీ అధికారి అనుకుని తన ప్లేటు కూడా చూడమన్నాడు. నేను చెమటలు కక్కుతుంటే, చేతులు కడుక్కునే నెపంతో బావ వెనక్కి వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చి యజమాని చెవి దగ్గర వంగాడు. "పెద్దబాబూ, వెనకాల వనస్పతి డబ్బాలు సూసినాను. పది ఉన్నాయి. నానెవురికీ సెప్పను. ఆ పాపగారికి మాత్రం నిజం సెప్పీ. ఆవిడ నెయ్యి తినదు."

యజమాని అటూ ఇటూ చూశాడు. గల్లా దిగి టైపిస్టుగారి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. "అమ్మా, మా నాన్న పోయినకాడి నుంచి ఈ పెనం మీద నెయ్యి సుక్క పడనేదు. బెంగెట్టుకోకుండా తినమ్మా." అన్నాళ్లుగా ఎవరికీ చెప్పుకోలేని పాపం చెప్పుకున్నట్టు ఆయన ముఖం తేటపడింది. అది పామాయిలూ వేరుశనగ నూనే గడ్డకట్టించి చేసిన వనస్పతి, అందులో ఆవుకీ గేదెకీ ఏ సంబంధమూ లేదు. టైపిస్టుగారు పకపకా నవ్వి, "ఇంత పుణ్యమైన కల్తీ నేనెక్కడా చూడలేదండీ" అన్నారు. రెండు దోసెలు తిన్నారు. ఆ నవ్వంతా బావ ఖాతాలో పడింది. నేను మాత్రం నా దోసెని శత్రువుని చింపినట్టు చింపుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత నా బతుకులో ప్రశాంతత లేదు. బావ అద్దం ముందు ఎంతసేపు నిలబడుతున్నాడో లెక్కపెట్టేవాణ్ణి. అతను ఈల వేస్తే ఎందుకు వేశాడని ఆలోచించేవాణ్ణి. ఒక సాయంత్రం పూర్ణా మార్కెట్లో అరటిగెలల వెనకనుంచి చూస్తే, ఇద్దరూ బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నారు. బావ ఏదో చెప్తున్నాడు, ఆవిడ కాగితం మీద రాసుకుంటున్నారు. నేను గెలని కౌగిలించుకుని చెవులు రిక్కించాను. "శనగపిండే గదా మామ్మా, మజ్జిగ కలపవు గదా?" అని బావ అడగడం వినబడింది. ఆవిడ ఏదో అంటే మళ్లీ నవ్వులు. గెలల కొట్టువాడు నా భుజం తట్టి, "బాబూ, కొంతావా, ఊరికే పట్టుకుంతావా?" అన్నాడు. పరువు కోసం రెండు డజన్లు కొన్నాను. వారం రోజులు అరటిపళ్లే తిన్నాను. ఒక్క పండూ తియ్యగా లేదు.

ఇంకోరోజు దువ్వాడ స్టేషను బయట, మరోరోజు బీచిలో మరమరాల మిక్చరు బండి దగ్గర. ఎక్కడ చూసినా వాళ్లిద్దరే. చేపలు తినేవాడు! పొద్దున్నే చందువా పులుసు వాసన కొట్టే చేతులు! పెరుగు మానేసి నేను చిక్కి సగమవుతుంటే, ఏమీ మానకుండా వాడు ఆవిడ పక్కన నడుస్తున్నాడు. న్యాయం ఉందా? బావతో మాటలు మానేశాను. అతను దీపం వెలిగిస్తే నేను దుప్పటి కప్పుకునేవాణ్ణి.

"ఏటి బావా, మూతి ముడుసుకున్నావ్? ఒంట్లో బాగోనేదా?" అనేవాడు.

"బాగానే ఉందండి" అనేవాణ్ణి. (స్నేహితుణ్ణి కూడా 'అండి' అన్నాడంటే గోదావరి మనిషికి కోపం తలకెక్కిందని ఆ అమాయకుడికి తెలియదు.)

చివరికి ఒక ఆదివారం పొద్దున బావ చేపలకి వెళ్తున్నానని కూడా అనకుండా, నూనె రాసి తల దువ్వుకుని, "బావా, పదకొండింటికి గదిలోనే ఉండు, నీకోటి సూపిత్తాను" అని వెళ్లాడు. ఏం చూపిస్తాడో నాకు తెలుసు. శుభలేఖ. పిచ్చెత్తినట్టు పాలకొట్టుకి వెళ్లాను. ఎవరికోసం దాక్కోవాలి ఇంక? గోడవైపు తిరక్కుండా, వీధివైపే తిరిగి కూర్చుని, పెరుగు తెమ్మన్నాను. చక్కెర వెయ్యమన్నాను. ఇంకోటి తెమ్మన్నాను. మూడో గిన్నె ఎత్తి అడుగున మిగిలింది నోట్లోకి ఒంపుకుంటుంటే, గిన్నె పక్కనుంచి రెండు జతల కాళ్లు కనబడ్డాయి. ఒక జత బావవి.

ఎదురుగా చోడి అంబలి, అంటే రాగి జావ, అమ్మే ఆమె దగ్గరికి వచ్చారట ఇద్దరూ. అంబలిలో మజ్జిగ కలుపుతుందా, పులిసిన గంజి తరవాణి కలుపుతుందా అని కనుక్కోవడానికి. నా మీసానికి మీగడ. ముక్కు కొసకి కూడా. నేను లేవబోయాను, గిన్నె దొర్లింది.

"నాది కాదండి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

టైపిస్టుగారి చేతిలో నాలుగు కాగితాలున్నాయి. వాటిని మడవబోయి, మళ్లీ మనసు మార్చుకుని బల్లమీద పెట్టారు. పైన ఆవిడ గుండ్రటి దస్తూరీలో నా పేరు, దాని కింద 'తినదగిన చోట్లు' అని రాసి ఉంది. దువ్వాడ స్టేషను బయట మామ్మ పెట్టే మునగాకు పప్పు, తాలింపు నూనెతోనే. తగరపువలస సంతలో ఉడకబెట్టిన చిలగడదుంపలు, తేగలు. మిక్చరు బండివాడు వెన్న కలపడు, ఎదురుగా నిలబడి చూశాం. నేతి బోర్డు హోటల్లో దోసె, యజమాని ఉన్నప్పుడే అడగాలి.

"నువ్వు సిక్కిపోతన్నావని ఆవిడ బెంగెట్టుకుంది బావా" అన్నాడు బావ. "ఊరుగాని ఊరు, ఆయన ఏం తింటారో ఏటో, నీకు ఊరు తెలుసు గదా సూపించు అని నెలరోజులుగా నన్ను తిప్పతంది. నాను సేపల మార్కెట్టుకి ఎల్లి నాలుగు ఆదివారాలైపోనాది. నువ్వేమో ఇక్కడ..." అని గిన్నె వైపు చూసి ఆపేశాడు.

నేను తల దించుకుని, "తప్పైపోయిందండి" అన్నాను.

"మీరు పెరుగు తిన్నందుకు కాదండీ నాకు కోపం" అన్నారావిడ. గొంతు పెంచలేదు, అదే ఘోరంగా ఉంది. "మా ఇంట్లో అందరూ తింటారు. ఎవరినీ మానమని నేను అడగలేదు. ఎనిమిదో ఏటినుంచి ఒక్కదాన్నే ఒక పక్కకి కూర్చుని తింటున్నాను. మీరు ఆరోజు అలా చెప్పగానే ఇంటికెళ్లి మా అమ్మతో, 'నాలాంటివాళ్లు ఇంకొకరు కూడా ఉన్నారమ్మా' అని చెప్పాను. మా అమ్మ ఎంత సంతోషించిందో. ఇప్పుడు వెళ్లి ఆవిడకి ఏం చెప్పమంటారు?"

వెళ్లిపోయారు. నా నోట్లో చక్కెర ఇంకా కరగలేదు.

పది రోజులు రైల్లో ఆవిడ కిటికీలోంచి బయటికే చూశారు. నా ఉత్తరాలు ఇప్పుడు ఒక్క తప్పు లేకుండా ఉండేవి, వాటిని ప్యూను చేత పంపేవాణ్ణి. బావకి నా అసూయ సంగతంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కడుపు పట్టుకుని నవ్వాడు. "నాను సేపలు తినీవోణ్ణి. ఆవిడ సేప ఉన్న ఈదిలోంచి కూడా నడవదు. నన్ను సూసి కుళ్లుకున్నావేటి బావా!" అని, కాసేపటికి నవ్వు ఆపి, "ఆవిడ అమ్మకేటి సెప్పాలన్నాది గదా. ఆవిడెందుకు సెప్పాలి? అబద్ధం ఆడినోడివి నువ్వు గదా" అన్నాడు.

ఆ ఆదివారం చర్చి వదిలే వేళకి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మగారు తలుపు తీశారు. చేతులు కట్టుకుని, గుమ్మం దాటకుండానే అప్పగించేశాను: "అమ్మగారూ, మీ అమ్మాయిగారు మీకు చెప్పింది నేను చెప్పిన అబద్ధమండి. నేను పెరుగు మానలేదు. మానలేనండి. ఆవిడ మెప్పు కోసం అలా అన్నాను." అమ్మగారు నన్ను పైనుంచి కిందదాకా చూశారు. లోపల మేక కూర ఉడుకుతున్న వాసన వస్తోంది, పక్కనే విడిగా ఒక చిన్న పొయ్యి మీద పప్పు. "ఏటి నాయనా, ఈ మాట సెప్పడానికి ఎండలో వొచ్చినావా?" అని లోపలికి పిలిచి, కంచం పెట్టి, అన్నం వడ్డించి, చివర్లో పెరుగు గిన్నె నా ముందు పెట్టారు. ఎదుటి గుమ్మంలో టైపిస్టుగారు నిలబడి ఉన్నారు. ఆవిడ చూస్తుండగా పెరుగన్నం తినడం నా జీవితంలో చేసిన అతి కష్టమైన పని. తిన్నాను. వేళ్లు నాకలేదు, అంతవరకు నిగ్రహించుకున్నాను.

మర్నాడు రైల్లో ఆవిడ తన పక్క సీటు మీదున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నేను కూర్చున్నాను. దువ్వాడలో దిగేముందు, "మీకు పెరుగు బాగా తోడుకుంటుందా ఇక్కడి చలికాలంలో?" అని అడిగారు. పెరుగు గురించి ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట అది.

రెండేళ్ల తర్వాత ఆవిడ పెళ్లికి బావా నేనూ కలిసి వెళ్లాం. పెళ్లికొడుకు కాలేజీలో లెక్చరరు, మంచివాడు. అది ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. చర్చి ఆవరణలో షామియానా కింద అతను మేక బిరియానీ ఆనందంగా తింటుంటే చూసి నా గుండె మండిపోయింది. ఒక్క చుక్క మజ్జిగైనా మానకుండా, ఒక్క దోసె గురించి దెబ్బలాడకుండా! "నాను ఇటు పోతన్నాను బావా, దేవుడు నన్ను ఇటే పుట్టించినాడు" అని బావ బిరియానీ వరసలోకి వెళ్లిపోయాడు. వరండాలో ఒక చిన్న బల్ల మీద విడిగా నాలుగు ఆకులు వేసి ఉన్నాయి. పులిహోర, పనసపొట్టు కూర, పప్పుచారు, నూనెలో కాల్చిన కొబ్బరి బొబ్బట్లు. పెళ్లికూతురు ఫొటోల మధ్యలో ఆకలేసి అక్కడికి వచ్చి కూర్చున్నారు. ఒక్కరే. నేను వెళ్లి పక్క ఆకు ముందు కూర్చున్నాను.

"అయ్యో, పెరుగు అటువైపు ఉందండీ" అన్నారు.

"తెలుసండి. రేపు తింటాను" అన్నాను. "ఇవాళ మాత్రం మీ పంక్తిలో తినాలనుంది. ఇది నిజమండి."

ఆవిడ తన ఆకులోంచి ఒక బొబ్బట్టు తీసి నా ఆకులో వేశారు. ఇద్దరం ఫొటోగ్రాఫరు వచ్చి పిలిచేదాకా తిన్నాం. అది బాగుందో లేదో నాకు గుర్తులేదు.

ఇప్పుడు నా పళ్లు కదులుతున్నాయి, మోకాళ్లు పలకడం లేదు, హోటల్లో ఆ కుర్రవాడి మీద పుట్టిన కుళ్లు కూడా ఇల్లు చేరేలోపే చల్లారిపోయింది. చల్లారనిది ఒక్కడి మీదే. ఆ వరండాలో, పెళ్లికూతురి పక్కన, ఇస్త్రీ చొక్కా మీద పప్పుచారు ఒలకబోసుకుని, ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేనట్టు ఆకు తుడిచి తింటున్న ఆ ఇరవై అయిదేళ్ల వెర్రివెధవ మీద.